టముకు చప్పుడు ఎవరి చెవిన పడింది?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఫాల్గుణ మాసం వచ్చిందంటే మా రాజమండ్రి వైపు ఆడవాళ్ళకి కోరుకొండ తీర్థం గుర్తుకొస్తుంది. ఊరికి 20 కిలోమీటర్ల దూరం. కొండమీద లక్ష్మీనరసింహస్వామి, కొండకింద మళ్ళీ ఆయన గుడే. మోకాళ్ళు సహకరించినంత కాలం మెట్లెక్కి పైన స్వామిని చూసి వస్తాం. సహకరించని ఏడాది కింద గుళ్ళో దణ్ణం పెట్టుకుని, ఆయనే ఈయన కదా అని సర్దుకుంటాం. నేను ఈమధ్య రెండో రకంలో చేరాను లెండి.

అలా కింద కూర్చుని, పైకెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూస్తుంటే, కొబ్బరికాయలు అమ్ముకునే ఒకావిడ మాటల్లో పెట్టింది. ఆవిడది కోరుకొండ కాదు. రాజమండ్రి నుంచి వచ్చే దారిలో ఒక చిన్న ఊరు. తీర్థం రోజుల్లో వచ్చి కొట్టు పెట్టుకుంటుందిట. నేను రాజమండ్రి నుంచి వచ్చానని తెలిసి, "మా ఊరిని మీ ఊళ్ళో కలిపేత్తారంటగదండి? కలిపితే ఇంటిపన్ను పెరుగుద్దాండి? ఇయ్యన్నీ ఎవర్నడగాలండి?" అంది.

నాకు తెలియదు. చదువుకున్నదాన్ని, పట్నంలో ఉంటున్నదాన్ని, రోజూ పేపరు చూసేదాన్ని. అయినా ఆవిడ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. ఊరి పెత్తనానికి సంబంధించిన కబురు మన ప్రాంతంలో ఏ కాలంలో ఎలా చేరేది, ఎవరి చెవిన పడేది, ఎవరి చెవిన పడేది కాదు, ఆ సంగతులే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు కోరుకొండతోనే మొదలుపెడదాం. ఇప్పుడది మండల కేంద్రమే గాని, 14వ శతాబ్దంలో రాజధాని. ముమ్మడి నాయకుడనే ఆయన ఇక్కడినుంచి ఏలాడు. శ్రీరంగం నుంచి వచ్చిన పరాశరభట్టు ఆయనకు గురువు. ఆ గురువుకి ఒక గ్రామం దానమిస్తూ 1358లో ముమ్మడి నాయకుడు రాయించిన రాగిరేకులు శ్రీరంగంలో దొరికాయి. కోరుకొండ స్వామికి గుడి కట్టించింది మాత్రం లక్ష్మీదాసి అనే ఒక స్త్రీ అని అక్కడివాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. ఈ మాట నాకు చాలా ఇష్టం.

గుళ్ళలో శాసనాలంటే మనం దేవుడి రాతలనుకుని పసుపు పూసి వచ్చేస్తాం. నిజానికి చాలా వాటిల్లో ఉన్నవి ఊరి వ్యవహారాలు. ఫలానా పొలం ఫలానావారిది, దాని తూర్పు హద్దు చెరువు, పడమటి హద్దు పుట్ట. ఫలానామె అఖండదీపానికి ఇన్ని ఆవుల్నిచ్చింది, ఇంత నెయ్యి పోయించాలి. చివర ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడికి పట్టే గతి. అంటే ఆనాటి దస్తావేజూ, గెజిటూ, నోటీసు బోర్డూ అన్నీ ఆ రాయే. దాతల్లో ఆడవాళ్ళ పేర్లు ఎన్నో కనిపిస్తాయి. చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమందే కావచ్చు. కాని రాయి గుళ్ళో ఉండేది, గుడికి ఆడవాళ్ళు వెళ్ళేవారు. ఎవరో ఒకరు చదివి చెబితే వినే వీలుండేది.

తరువాత్తరువాత ఊరి కాగితాలు గుళ్ళోంచి చావడికి, కరణంగారి పెట్టెలోకి చేరాయి. పన్నుల లెక్క, పొలాల లెక్క, పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ, అంతా ఆయన దగ్గరే. ఊరందరికీ తెలియవలసిందేదైనా ఉంటే టముకు వేయించేవారు. మా చిన్నతనంలో కూడా ఉండేది కదండీ! "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలయ్యేది. ఆ టముకు వేసేవాడు నాలుగు వీధుల కూడలిలో ఆగి చెప్పేవాడు. పెరట్లో నూతి దగ్గరో, పొయ్యి దగ్గరో ఉన్న ఆడవాళ్ళకి డప్పు వినిపించేది గాని మాట వినిపించేది కాదు. "ఏమిటర్రా అది?" అని పిల్లల్ని పంపేవాళ్ళం. వాళ్ళు సగం విని, సగం మరిచిపోయి వచ్చేవారు. మిగతా సగం సాయంత్రం మగవాళ్ళు ఇంటికొచ్చి చెబితే తెలిసేది. చెప్పాలనిపిస్తేనే సుమండీ.

ఇక రాజమండ్రి సంగతి. ఇక్కడ మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. అంతకుముందు ఏడాది, 1865లో, మద్రాసు ప్రభుత్వం చేసిన పట్టణాల చట్టం ప్రకారం వచ్చింది. అప్పటి కౌన్సిలులో జనం ఎన్నుకున్నవాళ్ళు లేరు. అధికారులూ, వారు పిలిచి కుర్చీ వేసిన పెద్దమనుషులూ కూర్చుని పన్ను వేసేవారు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక సంఘాలలో ప్రజల మనుషులుండాలని తీర్మానం చేశాక, 1884 చట్టంతో ఎన్నికలన్న మాట కాస్త బలపడింది. అయితే ఓటు పన్ను కట్టేవాడికి. ఇల్లు ఎవరి పేర ఉండేదో నేను వేరే చెప్పాలా? ఊడ్చేదీ, అలికేదీ, ముగ్గు పెట్టేదీ ఒకరు. రసీదు మీద పేరు ఇంకొకరిది.

1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కాకినాడలో కాపురం పెట్టాడు. రాజమండ్రికి కోర్టూ, కాలేజీ మిగిలాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విడగొట్టి రాజమండ్రిని తూర్పు గోదావరికి కేంద్రం చేసేదాకా, కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలంటే కోరుకొండవాళ్ళు కాకినాడ బస్సెక్కవలసిందే. ఆ చార్జీలన్నీ లెక్కవేస్తే ఎంతవుతుందో!

ఊరి అధికారుల నిర్వాకం అచ్చులో పెట్టి పదిమందికీ చెప్పవచ్చునని మన ఊళ్ళో చేసి చూపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1874లో ఆయన వివేకవర్ధని పత్రిక పెట్టారు. వితంతు వివాహాలు, స్త్రీవిద్య అనే పేర్లతోనే ఆయన్ని తలుచుకుంటాం గాని, ఆ పత్రికను చూసి మొదట వణికినవాళ్ళు కోర్టుల్లోనూ కచేరీల్లోనూ లంచాలు మేసేవాళ్ళు. అధికారుల మీదా, వకీళ్ళ మీదా ప్రహసనాలు రాశారు. మామూలుగా మాట్లాడుకునే తెలుగులో, ఎవరి యాస వారిది పెట్టి రాశారు. చదివినవాడు నవ్వుకుని ఊరుకోకుండా ఇంకొకడికి చదివి వినిపించేవాడు. ఒక ఊరి కబురు ఆ ఊరివాళ్ళ మాటలోనే చెబితే ఎంత పదును ఉంటుందో అక్కడ తెలిసింది. 1890లో ఆయనే పురమందిరం కట్టించారు. ఊరివాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక హాలు.

ఇక్కడ నాదొక చిన్న ఫిర్యాదుంది. పంతులుగారి మీద భక్తి తక్కువై కాదు. 1883లో ఆయన ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా సతీహితబోధిని అనే పత్రిక పెట్టారు. ఆ కాలంలో అదెంత సాహసమో మనకు తెలుసు. సత్యవతీ చరిత్రము, పత్నీహితసూచని వంటివి ఆయన మన కోసం రాసినవే. కాని ఫలితం ఏమైందంటే, ఊరి సంగతులు ఒక పత్రికలోకీ, ఇంటి సంగతులు ఇంకొక పత్రికలోకీ వెళ్ళిపోయాయి. లంచాలూ, కోర్టులూ మగవాళ్ళ పత్రికలో. శుభ్రత, నడవడి, పిల్లల పెంపకం మన పత్రికలో. మరి కాలువలో మురుగు పారకపోతే అది ఊరి సంగతా, ఇంటి సంగతా? కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తే? ఆ మురుగు దాటుకుని వెళ్ళేదీ, ఆ నీళ్ళు వడబోసి కాచేదీ మనమే. తరువాత 1902లో ఏలూరు నుంచి హిందూసుందరి వచ్చింది. ఆడవాళ్ళే సంపాదకులు. చదువు గురించీ, సంఘాల గురించీ గట్టిగానే మాట్లాడారు. అయినా మునిసిపాలిటీ కబుర్లు మాత్రం చాలాకాలం మనకు రెండో చేతి సరుకే. మన రేడియో మహిళా కార్యక్రమాల్లోనూ ఊరగాయకిచ్చిన సమయం కౌన్సిలుకిచ్చామా చెప్పండి? నేనూ ఇదే మైకు ముందు మాగాయ గురించి మాట్లాడినదాన్నే, నన్ను నేను కలుపుకునే అంటున్నాను.

ఓటు సంగతికి వద్దాం. స్వరాజ్యం వచ్చాక వయసొచ్చిన ప్రతివారికీ ఓటన్నారు. బాగుంది. కాని 1951–52 మొదటి ఎన్నికలకు జాబితాలు రాసేటప్పుడు ఏం జరిగిందో తెలుసా? గుమాస్తాలు ఇంటింటికీ వెళ్ళి పేరడిగితే, చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యననీ, ఫలానావాడి తల్లిననీ చెప్పారు. అలాంటి పేర్లు కుదరవని సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగిందిది. మనవైపు అంత లేదు కదా అని మురిసిపోనక్కరలేదు. మీ వీధిలో మీరు పదేళ్ళుగా పలకరించే మూడో ఇంటావిడ పేరేమిటి? "బ్యాంకాయన భార్య" అనో, "బుజ్జిగాడి అమ్మ" అనో వచ్చిందా నోటికి? నాకూ అలాగే వచ్చింది.

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం పంచాయతీరాజ్యం ఎలా ఉండాలో చెబుతూ, సమితిలో ఆడవాళ్ళు కూడా ఉండాలని ఇద్దరిని చేర్చుకోమంది. ఎన్నుకోవడం కాదు, చేర్చుకోవడం. 1959లో దేశంలో ముందు రాజస్థానూ, వెంటనే మన ఆంధ్రప్రదేశూ ఆ పద్ధతి మొదలుపెట్టాయి. అలా చేర్చుకున్నవారిలో గట్టివాళ్ళు లేకపోలేదు. కాని పెళ్ళికి పిలిచి పక్కగదిలో కూర్చోబెట్టినట్టు ఉండేది చాలాచోట్ల. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి. ఊరి లెక్కలున్న ఆ పెట్టె మొదటిసారి ఒక కుటుంబం చేతిలోంచి జారింది. 1985లో మండలాలు వచ్చాయి. కోరుకొండకు ఒక ఆఫీసు దగ్గరైంది.

అసలు మార్పు 1993లో. రాజ్యాంగానికి 73, 74 సవరణలు అమలులోకి వచ్చి, పంచాయతీల్లోనూ పురపాలక సంఘాల్లోనూ మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకి కేటాయించారు. మన రాష్ట్రంలో తరువాత అది సగమైంది. రాజమండ్రి 1994లో నగరపాలక సంస్థ అయింది. 1901లో 36,408 మంది ఉన్న ఊరు, 2011 జనాభా లెక్కలకి 3 లక్షల 40 వేలు దాటింది. 2007లో ఆదిరెడ్డి వీరరాఘవమ్మగారు, 2014లో పంతం రజనీ శేషసాయిగారు మేయర్లయ్యారు. ఆడవాళ్ళకు ఇంటి గడప దాటిన ఓటే లేని పురపాలక సంఘానికి వరసగా ఇద్దరు మహిళలు. చెప్పుకోవలసిన మాటే.

అయితే 2019లో ఆ కౌన్సిలు గడువు ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా నగరాలకూ పట్టణాలకూ ఓట్లు జరిగాయి, రాజమండ్రికి జరగలేదు. చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలిపే వ్యవహారం తేలకపోవడం అందులో పెద్ద చిక్కు. మేయరూ లేరు, కార్పొరేటర్లూ లేరు, అధికారులే ఊరు నడిపించారు. 1866లో జనం ఎన్నుకోని కౌన్సిలు అన్నాను చూశారూ, నాకు మళ్ళీ అదే గుర్తొచ్చింది. వీధి దీపం వెలగకపోతే ఇదివరకు మన వార్డు కార్పొరేటరు ఇంటికెళ్ళి వాళ్ళావిడతోనైనా చెప్పేవాళ్ళం. ఆఫీసరుగారి ఇల్లెక్కడో మనకేం తెలుసు?

ఇప్పుడు కొబ్బరికాయలావిడ ప్రశ్న. ఊరు నగరంలో కలిస్తే ఏమవుతుంది? మంచీ ఉంది, చెడ్డా ఉంది. మంచినీటి గొట్టాలు, చెత్తబండి, రోడ్లు రావచ్చు. ఆలస్యంగా రావచ్చు, అయినా రావచ్చు. పన్ను లెక్క మాత్రం మారుతుంది. 2020 చివర్లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఇంటిపన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీద కట్టమన్నారు. పట్నం పెరిగి స్థలాల ధర లేస్తే ఆ సంగతి పన్నులో కనిపిస్తుంది. మనం ఆ స్థలం అమ్ముకోకపోయినా సరే. ఇంకొకటి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టాన్ని పల్లెలకే రాశారు, పట్టణాలకు కాదు. ఆ పనికి వెళ్ళేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కాగితం మీద ఊరు పట్నమైనంత మాత్రాన ఆ ఊరి కూలీ పట్నపు కొలువులో చేరిపోదు కదా.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది గ్రామసభ. పంచాయతీ అయితే 1994 చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలి. ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. ఎవరూ పిలవనక్కరలేదు, ఎవరూ నామినేటు చేయనక్కరలేదు. వెళ్ళి నిలబడి, "ఆ డబ్బు ఏ కాలవకి ఖర్చు పెట్టారు?" అని అడగవచ్చు. నగరంలో అలా అందరం కూర్చునే సభ లేదు. కొన్ని వేలమందికి ఒక కార్పొరేటరు, ఆయనో ఆవిడో మన తరఫున అడగాలి. ఊరు పెద్దదవుతున్నకొద్దీ అడిగే నోటికీ జవాబు చెప్పే చెవికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆవిడకి గ్రామసభ అన్నది ఒకటుందని తెలియదు. నాకు తెలిసీ నేనెన్నడూ దాని విలువ కట్టలేదు, పట్నంలో ఉంటాను కనక.

నోటీసుల సంగతి నా నెత్తిమీదకే వచ్చింది ఒకసారి. మా వీధిలో ఇళ్ళ కొలతలు మళ్ళీ తీసి పన్ను మార్చారు. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా రాసివ్వాలని ఒక ఆఫీసు గోడకు కాగితం అంటించారట. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు లెండి. ఆ గోడ మేం రోజూ వెళ్ళే దారిలో లేదు. మాకు తెలిసేటప్పటికి తేదీ దాటి తొమ్మిది రోజులు. మేడమీద ఎన్నడూ కట్టని గదికి మా ఇంట్లో మూడేళ్ళు పన్ను కట్టాం. వెళ్ళి అడిగితే అక్కడున్న అబ్బాయి, పాపం మర్యాదగానే, "నోటీసు పెట్టామమ్మా" అన్నాడు. పెట్టారు. టముకు కూడా వేసేవారు కదా, కూడలిలో! ఈ రోజుల్లో వీధికో వాట్సాప్ గుంపు ఉంది, నిజమే. మా గుంపులో పొద్దున్నే నలభై శుభోదయాలు వస్తాయి. ఆ కాగితం ఫొటో మాత్రం ఒక్కరూ పెట్టలేదు.

ఆ అనుభవం తరువాత నేర్చుకున్నదొకటి చెబుతాను. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన రాష్ట్రపు నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు పెడితే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఎందుకడుగుతున్నారో చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మా ఇంటి కొలతల కాగితం నేను అలాగే తెప్పించుకున్నాను. దరఖాస్తు కింద సంతకం పెట్టేటప్పుడు అలవాటు ప్రకారం "భార్య ఆఫ్" అని మొదలుపెట్టి, కొట్టేసి, నా పేరు రాశాను. ఆ కొట్టివేత అలాగే ఉండిపోయింది. ఇంకో కాగితం దండగెందుకని.

ఆ తరువాత ఒక శనివారం మళ్ళీ కోరుకొండ వెళ్ళాను. ఆవిడ అక్కడే ఉంది. నేను తెలుసుకున్నవన్నీ చెప్పాను. పన్ను సంగతి శ్రద్ధగా వింది. గ్రామసభ మాట వచ్చేసరికి చేతిలో కత్తి పక్కన పెట్టింది. "అంటే నేనెళ్ళచ్చాండి? ఎవరూ ఏం అనరాండి?" అంది. అనరని చెప్పాను.

మొన్న తీర్థంలో కనిపించి తనే పలకరించింది. వాళ్ళ ఊళ్ళో సభ ఎప్పుడో కనుక్కుందిట. ఆ రోజు కొట్టు కట్టేసి, పక్కింటి ఇద్దర్ని వెంటబెట్టుకుని పదింటికి వెళ్ళిందిట. అప్పటికే సభ అయిపోయి కుర్చీలు సర్దుతున్నారట. తొమ్మిదింటికే పెట్టేశారట.

"మరేం చేశావమ్మా?" అన్నాను.

"పుస్తకంలో సంతకాలు పెట్టమన్నారండి, వచ్చినట్టుగా. పెట్టలేదండి. వచ్చేసారి ఎనిమిదింటికే ఎల్లి కూకుంటామండి," అంది. నా చేతిలో కొబ్బరికాయ పెట్టి, చిల్లర లెక్కపెట్టుకుని, తరువాతి బేరం వైపు తిరిగింది.